బిల్లులు 7,82,000 – బండి ధర ఎంత? ఒక 1967 అంబాసిడర్ కేసు

2023లో ముక్కనుమ మర్నాడు శ్రీకాకుళం నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు సోంపేటలో డాక్టరట. ఆయన 1967లో కొన్న అంబాసిడర్ మార్క్ టూ ఇంట్లో ఉంది. మొత్తం బాగు చేయించారు. ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. అక్కడ అపార్టుమెంటులో ఒక్క కారుకే చోటు.

"తొమ్మిది లక్షలు అడుగుదామనుకుంటున్నానండీ. విజయనగరం నుంచి ఒక ఫంక్షన్ హాలు ఆసామి వచ్చి మూడుకిస్తారా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మీరొచ్చి న్యాయమైన ధర ఏదో చెప్పండి సర్వేయర్ గారూ."

నేను విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా బండ్లకు విలువ కడుతున్నాను. ఎక్కువగా ఇన్సూరెన్సు క్లెయిములే. పాత బండ్లు ఏడాదికి అయిదారు వస్తాయి. వాటికి ఫీజు ముందే మాట్లాడుకుంటాను. ధరలో వాటా తీసుకోను. వాటా తీసుకుంటే నేను చెప్పే అంకె ఎటో ఒకవైపు వాలుతుంది. తొమ్మిదికీ మూడుకీ మధ్య ఆరు లక్షల తేడా ఉన్న ఈ కేసులో ఆ మాట మరీ ముఖ్యం. వెళ్లే ముందు ఆయన్ని ఒక్కటే కోరాను. నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని.

వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నా మాట మన్నించారన్నమాట. అయితే ఇంజన్ కన్నా ముందు నేను చూసేది కాగితాలు.

ఆర్సీ పాత కాలపు పుస్తకం. అట్ట పోయి దారంతో కుట్టి ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ 1967 నవంబరు. యజమాని పేరు మారింది ఒక్కసారే, తండ్రి నుంచి కొడుక్కి. రెన్యువల్ 2012తో ఆగిపోయింది. పదేళ్లుగా ఆర్సీకి ప్రాణం లేదు. అయినా ఆయన ఆదివారాలు అరసవల్లి దాకా నడిపి వస్తున్నారు. ముందు అది ఆపమన్నాను. రెన్యువల్ లేని బండి వల్ల రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ భారమంతా ఆయన నెత్తినే పడుతుంది.

ఛాసిస్ నంబరు పుస్తకంతో కలిసింది. ఇంజన్ నంబరు కలవలేదు. మేనేజరు గారి ముఖం మారిపోయింది. "ఒరిజినల్ ఇంజనేనండీ, నాన్నగారు మార్చలేదు" అన్నారు. పుస్తకం చివరి పేజీల్లో మాసిపోయిన నీలం సిరాతో రెండు లైన్లున్నాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలు వెలుగులో చదివాను. 1986లో ఇంజన్ మార్పు, రవాణా శాఖ ముద్ర, సంతకం. అందులో రాసిన నంబరు, బ్లాకు మీది నంబరు ఒక్కటే. మార్చింది కూడా అదే 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఆ రోజుల్లో చాలామంది అంబాసిడర్లలో పెట్రోలు ఇంజన్ తీసి డీజిలు పెట్టించేవారు, కాగితం మీదికి ఎక్కించేవారు కాదు. డాక్టరు గారు పద్ధతిగా చేశారు. 'పుట్టింటి ఇంజన్' అనే గొప్ప పోయింది. ప్రతిగా మచ్చలేని కాగితం దక్కింది. నా లెక్కలో ఈ రెండోదానికే బరువెక్కువ.

రంగు దగ్గర ఇంకో చిక్కు. పుస్తకంలో 'గ్రే' అని ఉంది. బండేమో మీగడ రంగులో మెరిసిపోతోంది. డిక్కీ రబ్బరు ఒక మూల పైకెత్తితే కింద పాత బూడిద రంగు వేలెడంత కనిపించింది. రంగు మార్పు కూడా ఆర్సీలో ఎక్కించాలి. పెద్ద ఖర్చు కాదు. కానీ కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

తరవాత బాడీ.

అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. రేకు పెట్టె మొత్తం కలిసే బరువు మోస్తుంది. ఫ్లోరు, తలుపుల కింద పొడుగునా నడిచే బోలు పట్టీలు – మెకానిక్‌లు సిల్ అంటారు – ఇవే బండికి వెన్నుపూస. అవి కుళ్లిపోతే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా లాభం లేదు. ఈ బండి నలభై ఏళ్లకు పైగా సోంపేటలో ఉంది. బారువ సముద్రం అక్కడికి దగ్గర. ఉప్పుగాలి రేకుని ఏం చేస్తుందో ఆ ఊళ్లలో గేట్లు, గ్రిల్లులు చూసినా తెలుస్తుంది.

దానికి తోడు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసిన రోజున, వీళ్ల పెరట్లో కొబ్బరిచెట్టు షెడ్డు మీద పడింది. షెడ్డు బండి మీద పడింది. పైకప్పు వెనక భాగం లోపలికి నొక్కుకుపోయిన ఫొటో ఆయన చూపించారు. బాగు చేయించాలన్న పట్టుదల ఆయనకి అక్కడే పుట్టింది.

కాబట్టి పైకప్పులో పుట్టీ కుప్పలుగా ఉంటుందనుకున్నాను. రంగు మందం కొలిచే గేజీ తీసి జానెడుకొకచోట పెట్టుకుంటూ వెళ్లాను. మామూలు రాత కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. ఫ్యాక్టరీ రంగు సుమారు ఆ మందంలోనే ఉంటుంది. పద్ధతిగా తిరగ వేసిన రంగు రెండు మూడు వందలకు వెళ్తుంది. అయిదు వందలు దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. పైకప్పు మీద ముందు 170, మధ్య 190, చెట్టు పడిన చోట 240. నమ్మబుద్ధి కాక మళ్లీ కొలిచాను. అదే 240. లోపలివైపు లైనింగు విప్పి చూస్తే రేకు మీద సుత్తి దెబ్బలు చిన్న చిన్నగా, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. నొక్కుకుపోయిన రేకుని మళ్లీ తన ఆకారానికి కొట్టి తెచ్చిన చెయ్యి అది. పుట్టీ పూసి దాచింది కాదు.

"ఇది ఎవరి పని?" అన్నాను. సాలూరు మేస్త్రీ అన్నారు. ఆశ్చర్యం లేదు. లారీల ఊరది. అక్కడి ముసలి టింకర్లు లారీ క్యాబిన్లు కొట్టి పెరిగినవాళ్లు.

తలుపుల కిందికి వచ్చేసరికి కథ మారింది. కుడివైపు సిల్ మీద 280, 310. ఫరవాలేదు. ఎడమవైపు ముందు చక్రం వెనక 640. ఇంకో జానెడు వెనక్కి వస్తే 1,150. రెండు తలుపుల మధ్య స్తంభం కింద గేజీ అంకె చూపించడమే మానేసింది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెడితే పట్టలేదు, జారి కింద పడింది. అక్కడ రేకన్నదే లేదన్నమాట, లేదా వేలి మందం పుట్టీ వెనక ఉంది.

నేలమీద పడుకుని టార్చి వేశాను. సిల్ అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి. వానలో తలుపుల్లోంచి, అద్దం రబ్బర్లలోంచి దిగిన నీరు వాటిలోంచే బయటపడాలి. కుడివైపు కన్నాలు తెరిచే ఉన్నాయి. ఎడమవైపు ఒక్కటీ లేదు. అన్నింటినీ పుట్టీతో మూసి, మీద నల్ల అండర్‌కోటింగు కొట్టేశారు. చూడ్డానికి నునుపుగా, అందంగా ఉంది. నాకు ఒళ్లంతా చేదైపోయింది. తుప్పు దాచడం ఒక తప్పు. ఉన్న కాస్త రేకు కూడా నీళ్లలో నాని కుళ్లేలా దారులు మూసెయ్యడం అంతకన్నా పెద్దది.

చివరి పరీక్ష జాకీ. ఎడమ ముందు తలుపు రెండు వేళ్లతో తోస్తే టక్కున పడుతోంది. జాకీ కొట్టే చోట ఎడమవైపు లేపాం. చక్రం నేల వదిలేసరికి తలుపు వెనక అంచు దగ్గర సందు పైన సన్నబడి కింద వెడల్పయింది. ఇప్పుడు తోస్తే తలుపు పడలేదు, స్తంభానికి ఆనుకుని కిర్రుమంది. కిందికి దించగానే మళ్లీ మామూలే. బరువు పడితే ఎడమవైపు పెట్టె వంగుతోంది. మేనేజరు గారు ఆ తలుపుని తానే నాలుగైదుసార్లు తోసి చూసుకున్నారు. ఏమీ అనలేదు.

రంగు, బాడీ చేసింది వేరే ఊరి పెద్ద వర్క్‌షాపు. పైకప్పు అయ్యాక బండి అక్కడికి వెళ్లింది. బిల్లులో 'అండర్‌బాడీ పూర్తి రిపేరు' అని ఒక్క లైను, 2,65,000లో భాగంగా. అదే సాయంత్రం సాలూరు మేస్త్రీకి ఫోన్ చేశాను.

"ఆ బండా బాబూ! పైకప్పు నానే కొట్టినాను. ఎడంపక్క కింద పట్టీ తినేసింది, కోసి కొత్త రేకు ఎయ్యాలని సెప్పినాను. రంగేసినోళ్లు అక్కర్నేదన్నారంట. నానేటి సేత్తాను?"

మిగతా బండి గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ చెప్పుకోవాల్సిన లోపాలు తక్కువ. చల్లటి ఇంజన్ రెండో తిప్పుకే అందుకుంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, 118 నుంచి 122 పౌన్ల మధ్య, దాదాపు సమానం. బోరు, క్రాంకు గ్రైండింగు మంచి చేతుల్లో పడ్డాయి. బ్రేకులు సరిగా పడుతున్నాయి. మూడు నుంచి రెండో గేరుకి దించేటప్పుడు గరగర ఉంది. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టారు, కానీ పాత డైనమోని గుడ్డలో చుట్టి డిక్కీలో దాచారు. మార్క్ టూకి గుర్తయిన దగ్గర గళ్ల గ్రిల్లు అసలుదే, కొత్తగా క్రోము పట్టించారు.

లోపల మాత్రం కొత్త కారు బకెట్ సీట్లు, ఏసీ, మ్యూజిక్ సిస్టం, కింద అల్లాయ్ చక్రాలు. వీటికి 1,45,000. ముందు వరస పొడుగు సీటు ఏమైందని అడిగితే సోంపేట ఇంటి అటక మీద ఉందన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. స్టీరింగు పక్కన గేరు పెట్టింది ముందు వరసలో ముగ్గురు కూర్చోవడానికే. ఆ సీటు తీసేసిన అంబాసిడర్‌ని పాత బండి మీద ప్రేమ ఉన్నవాడు చూసి వెనక్కి తిరుగుతాడు. ఏసీ కోరుకునేవాడు 1967 బండి కొనడు. అంటే ఆ లక్షా నలభై అయిదు వేలు ధర పెంచలేదు, దించాయి.

ఇక లెక్క. మేనేజరు గారి తొమ్మిది లక్షలకు ఆధారం బిల్లులు: మొత్తం 7,82,000. దానికి నాన్నగారి జ్ఞాపకం కలిపి తొమ్మిది. బ్యాంకులో పనిచేసిన మనిషి కాబట్టి ప్రతి రశీదూ తేదీ వరసన ఫైలు చేశారు. ఆ ఫైలు విలువైనదే, ఎక్కడ ఏ పని జరిగిందో చెబుతుంది కనక. కానీ మీకెంత ఖర్చయిందన్నది కొనేవాడికి అక్కర్లేదు. తన చేతికి ఏమొస్తుందన్నదే అతని లెక్క. ఆ బిల్లుల్లో సాలూరు మేస్త్రీది 62,000. దానికి ప్రతి రూపాయీ బండిలో కనిపిస్తోంది. ఇంజను 1,15,000 కూడా అంతే. 2,65,000లో మాత్రం ఎడమవైపు కింద పెట్టిన ప్రతి రూపాయినీ ఇప్పుడు మళ్లీ ఖర్చు పెట్టి తీసెయ్యాలి.

"యాభై ఏళ్లు దాటింది కదండీ, వింటేజ్ కదా" అన్నారు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేసిన మార్పు ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పులు లేని సొంత బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆ పైన తిరిగి చేయించుకోవడానికి 5,000. బండిని కమిటీ చూసి ఒప్పుకోవాలి. బకెట్ సీట్లతో, మారిన ఇంజనుతో ఆ కమిటీ ఏమంటుందో నేను ముందే చెప్పలేను. ఆ నంబరు చేతికి రాని బండికి నేను ఆ పేరుతో ఒక్క రూపాయి కూడా కలపను. పైగా హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ 2014 దాకా తయారైంది. మార్క్ టూ ఒక్కటే 1975 వరకు పన్నెండేళ్లకు పైగా వచ్చింది. అరుదైన బండి కాదు. ఇందులో ఒక మేలూ ఉంది. ఇంజను, గేరుబాక్సు, బ్రేకు సామాను ఇంకా దొరుకుతుంది, అందుకే గేరు గరగరకి నేను పెద్దగా తగ్గించను. దొరకనివి మార్క్ టూ గ్రిల్లు, బీడింగులు, హబ్ క్యాపులు. అవి ఈ బండిలో ఉన్నాయి, వాటికి కలుపుతాను.

మూడు లక్షలన్న ఫంక్షన్ హాలు ఆసామి లెక్క కూడా విన్నాను. పెళ్లి ఊరేగింపులు, కోట దగ్గర ఫొటో షూటింగులకి అద్దెకి తిప్పాలని ఆయన ఉద్దేశం. సొంత నంబరు మీద బండిని అద్దెకి తిప్పకూడదు. వీఏ నంబరైతే వ్యాపారానికి, రోజువారీ తిరుగుడుకి అసలే పనికిరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు – అంతవరకే. రాని ఆదాయం మీద కట్టిన ధర కాబట్టి ఆయన అంకెనీ పక్కన పెట్టాను.

నాకు మిగిలిన దారి పోల్చి చూడటం. ఎంత అడుగుతున్నారన్నది కాదు, బేరం ఎంతకు తెగిందన్నది. విశాఖ నుంచి రాజమండ్రి దాకా గత రెండేళ్లలో నేను స్వయంగా చూసి, ఎంతకి చేతులు మారాయో తెలిసిన మార్క్ టూలు నాలుగు. నడుస్తూ ఉండి బాగు చెయ్యనిది 2,90,000. మిగతావి 4,60,000, 5,25,000, 6,40,000. ఆఖరిది పుట్టింటి ఇంజనుతో, వీఏ నంబరుతో ఉంది. మన బండికి దగ్గరి చుట్టం 5,25,000ది. దానికీ ఇంజను మారింది, కానీ కింద రేకు గట్టిది, పొడుగు సీటుంది, ఆర్సీకి ప్రాణం ఉంది.

అక్కణ్నుంచి దిగుతూ వచ్చాను. ఎడమ సిల్ కోసి కొత్త రేకు వేసి, ఆ భాగానికి రంగు వెయ్యడానికి 85,000. రెన్యువలు, గ్రీన్ ట్యాక్సు, ఆలస్యపు రుసుములు, రంగు మార్పు ఎక్కించడం, ఇన్సూరెన్సు కలిపి 25,000. సీటు అటక మీంచి దించి బిగించడానికి 20,000. గేరుబాక్సుకి 15,000. అన్నీ పోగా 3,80,000. ఒకే కుటుంబం, 1967 నాటి కొనుగోలు రశీదు, పెళ్లిళ్ల ఫొటోల్లో ఈ బండి – వీటికి 40,000 కలిపాను. గ్రిల్లు, హబ్ క్యాపులు, దాచిన డైనమోకి 15,000. మొత్తం 4,35,000. సిల్ విప్పితే లోపల ఇంకేం బయటపడుతుందో అన్న భయానికి మరో 15,000 తీసేస్తే 4,20,000.

రిపోర్టులో రెండు దారులు రాశాను. ఉన్నది ఉన్నట్టు అమ్మితే సిల్ సంగతి రాతలో చెప్పి 4,60,000 అడగండి, 4,20,000 దిగువకి వెళ్లకండి. సిల్, సీటు, ఆర్సీ బాగు చేయించి అమ్మితే 5,80,000 అడగండి, 5,40,000కి తెగొచ్చు. నా మొగ్గు రెండోదానికే. దాచిన తుప్పు ఒకచోట బయటపడితే కొనేవాడు 85,000 తగ్గించి ఊరుకోడు, కనిపించని ప్రతిచోటా అదే ఉందనుకుంటాడు.

తొమ్మిది లక్షలు అనుకున్న మనిషికి ఆ కాగితం ఇవ్వడం తేలిక కాలేదు. ఆయన రెండుసార్లు చదివి, "నాన్నగారి బండండీ" అని మాత్రం అన్నారు. రెండు వారాలు ఫోన్ లేదు. తరవాత ఒక రోజు పొద్దున్నే, "సాలూరు మేస్త్రీని రమ్మన్నాను" అన్నారు.

మేస్త్రీకి మూడు వారాలు పట్టింది. ప్రతి దశకీ ఫొటో తీయించమన్నాను. కోసినప్పుడు, లోపల ఎర్ర ప్రైమరు పూసినప్పుడు, వెల్డింగు అయినప్పుడు, రంగుకి ముందు. నా అంచనా తప్పింది. ముందు ఫ్లోరు మూల కూడా పోయి ఉంది. తివాచీ కింద తారు షీటు, దాని కింద ఫైబరు గుడ్డ అతికించి ఉంటే నేను షీటు మీది నుంచే చెయ్యి పెట్టి చూసి వదిలేశాను. 85,000 అన్నది 1,08,000 అయింది. ఆ 23,000 తేడాకి తప్పు నాది, ఆయనతో అదే చెప్పాను. అప్పట్నుంచి ఏ బండికైనా తారు షీటు ఒక మూల లేపకుండా రిపోర్టు రాయడం లేదు.

మే నెలలో బేరం తెగింది, 5,55,000కి. కొన్నది విజయనగరం కంటోన్మెంటులో ఉండే ఒక లెక్చరరు. గేరు గరగర సంగతి మేం ముందే చెప్పాం, తాను చూసుకుంటానన్నారు. ఫొటోల ఫైలు ముందేసుకుని గంటసేపు పేజీలు తిప్పారు. తరవాత మేనేజరు గారి భార్యని ఒక చెంబు నీళ్లు అడిగారు. తాగడానికనుకుని ఆవిడ గ్లాసు కూడా తెచ్చారు. ఆయన ఎడమ తలుపు అద్దం దించి, రబ్బరు పక్కనుంచి నీళ్లు మెల్లగా వంపి, నేలమీద కూర్చుని కిందికి చూశారు. తలుపు అంచు నుంచి సిల్‌లోకి దిగిన నీరు కాసేపటికి మొదటి కన్నంలోంచి కారింది, తరవాత రెండోదాంట్లోంచి, ఆ తరవాత మూడోదాంట్లోంచి. ఆయన లేచి చేతులు దులుపుకుని, చెక్కుబుక్కు తీశారు.